‘బిడ్డను తిప్పే ఇంజెక్షన్’ అనొచ్చా?

గర్భిణుల కోసం ఒక కరపత్రం తెలుగులో రాస్తున్నాను. నెలలు నిండుతున్నా బిడ్డ ఎదురుకాళ్లతోనే ఉంటే, డాక్టర్లు పొట్ట మీద చేతులు పెట్టి తల కిందికి వచ్చేలా తిప్పుతారు కదా. దానికి ముందు ఇచ్చే మందును ‘బిడ్డను తిప్పే ఇంజెక్షన్’ అంటే సరిపోతుందా? లేక ‘నొప్పులు ఆపే ఇంజెక్షన్’ అనాలా?

జవాబు: రెండూ వద్దండీ. బిడ్డను తిప్పేది మందు కాదు, డాక్టర్ చెయ్యి. గర్భసంచి బిగుసుకుని ఉంటే ఎంత నేర్పున్న చేతికైనా బిడ్డ కదలదు. టెర్బ్యుటలిన్ లాంటి మందు చర్మం కింద ఇస్తే ఆ కండరం కాసేపు వదులవుతుంది. అప్పుడు ఒక చేత్తో బిడ్డ పిరుదులను పైకి లేపి, రెండో చేత్తో తలను కిందికి నడిపిస్తూ మెల్లగా పల్టీ కొట్టిస్తారు. మందే తిప్పుతుందని రాస్తే, ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికెళ్తే చాలనుకునే వాళ్లుంటారు.

రెండోది ఇంకా చిక్కు. ‘నొప్పి’ అంటే బాధ, ‘నొప్పులు’ అంటే పురిటి నొప్పులు. ‘నొప్పులు ఆపే’ అని చదివినావిడ, పొట్ట మీద ఒత్తినా ఏమీ తెలియదనుకుంటుంది. కానీ ఇది మత్తు కాదు. ఒత్తిడి బాగా తెలుస్తుంది, కొందరికి నొప్పిగానే ఉంటుంది. పైగా ‘నొప్పుల ఇంజెక్షన్’ అని అందరూ అనేది కాన్పు కోసం నొప్పులు తెప్పించేదాన్ని. దాని పని దీనికి పూర్తిగా ఎదురు. నెలలు నిండిన మనిషి చదివే కాగితంలో ఈ గందరగోళం అస్సలు ఉండకూడదు.

‘గర్భసంచిని వదులు చేసే ఇంజెక్షన్’ అనండి. పక్కనే, కాసేపు గుండె దడ, చేతుల వణుకు రావచ్చని కూడా రాయండి. అది ముందే తెలియకపోతే, దడ మొదలవగానే బిడ్డకేదో అయిందని ఆ తల్లి ఎంత టెన్షన్ పడుతుందో! తిప్పే ముందూ తర్వాతా బిడ్డ గుండె చప్పుడు చూస్తారన్న వాక్యం కూడా ఆమెకు ధైర్యమిస్తుంది.

ఇంకొకరి జవాబు: ‘బిడ్డ అడ్డం తిరిగింది’ అన్న మాట మాత్రం రానివ్వకండి. అడ్డం అంటే బిడ్డ పొట్టలో పక్కవాటుగా ఉండటం, అది వేరే స్థితి. ‘ఎదురుకాళ్లు’ అందరికీ తెలిసిన మాటే, ఉంచండి. అయితే చాలామంది బిడ్డలకు కాళ్లు పైకి మడిచి ఉండి, పిరుదులే కిందికి ఉంటాయి. స్కాన్ రిపోర్టులో పిరుదులని చూసి, కాళ్లు కాదు కదా అని ఊరుకోకుండా ఒక ముక్క కలపండి.

కరపత్రం రాస్తున్నవారు: ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఇలా మార్చాను: “బిడ్డ ఎదురుకాళ్లతో, అంటే పిరుదులు గానీ కాళ్లు గానీ కిందికి ఉంటే, 36, 37 వారాలప్పుడు గర్భసంచిని వదులు చేసే ఇంజెక్షన్ ఇచ్చి, పొట్ట మీద నుంచి చేతులతో తిప్పడానికి ప్రయత్నిస్తారు. సుమారు సగం మందిలో బిడ్డ తిరుగుతుంది. ఈ మందు ఆ అవకాశాన్ని పెంచుతుంది.”

మొదటి జవాబు ఇచ్చినవారు: ‘ప్రయత్నిస్తారు’ అన్నది తీసేయకండి. తిరగకపోతే తప్పు తనదని ఏ తల్లీ అనుకోకూడదు. మాయ కిందికి ఉన్నవాళ్లకూ, కవలలున్నవాళ్లకూ ఇలా తిప్పరని కూడా చేర్చండి.