రూటర్ అడాప్టర్ పోయింది, ఇంట్లో ఉన్నవాటిలో ఏది పెట్టొచ్చు?

చీరాల చిన్నోడు
రాత్రి నుంచి రూటర్‌లో ఒక్క లైటూ వెలగడం లేదు. అడాప్టర్ ముట్టుకుంటే చల్లగా ఉంది, పోయింది అదేననుకుంటా. దాని మీద 12 వోల్ట్, 1.5 ఆంప్ అని ఉంది. సొరుగులో పాతవి నాలుగు దొరికాయి: సెట్‌టాప్ బాక్స్‌ది 12 వోల్ట్ 1 ఆంప్, సీసీ కెమెరాది 12 వోల్ట్ 2 ఆంప్, పాత మోడెమ్‌ది 9 వోల్ట్ 1 ఆంప్, లాప్‌టాప్‌ది 19 వోల్ట్. మొదటి మూడింటి పిన్నులూ రూటర్‌లో పడుతున్నాయి. నాన్నగారేమో 2 ఆంప్‌ది పెడితే కరెంటు ఎక్కువెళ్లి రూటర్ మాడిపోతుందంటున్నారు. నిజమేనా? రేపు ఇంటి నుంచే పని, టెన్షన్‌గా ఉంది.

రిపేర్ బెంచి
సీసీ కెమెరాది పెట్టుకోండి. వోల్టులు అడాప్టర్ ఇచ్చేవి, ఆంప్‌లు రూటర్ తీసుకునేవి. 2 ఆంప్ అంటే అంతవరకూ ఇవ్వగలనని చెప్పడమే, బలవంతంగా తోస్తానని కాదు. మీ రూటర్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. నాన్నగారి భయం వోల్టుల విషయంలో మాత్రం నూటికి నూరుపాళ్లు సబబు. ఆ 19 వోల్ట్‌ది రూటర్ దరిదాపుల్లో ఉంచకండి.

సెట్‌టాప్ బాక్స్‌దానితో వచ్చే చిక్కు వేరు. లైట్లన్నీ వెలుగుతాయి, పొద్దున బాగానే ఉంటుంది. సాయంత్రం ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకున్నాక రూటర్ దానంతటదే ఆఫై ఆన్ అవుతుంటుంది. జనం నెట్ కంపెనీని తిట్టుకుంటారు, లోపం అడాప్టర్‌లో ఉంటుంది. 9 వోల్ట్‌ది కూడా అంతే, ఒక్కోసారి లైట్లు వెలిగి మోసం చేస్తుంది.

పెట్టేముందు రెండు అడాప్టర్ల స్టిక్కర్ల మీదా చిన్న బొమ్మ చూడండి. మధ్యలో చుక్క, దాని చుట్టూ సగం సున్నా, అటూ ఇటూ ప్లస్, మైనస్ ఉంటాయి. చుక్కకు కలిసిన గీత చివర ప్లస్ ఉంటే పిన్ లోపలి భాగం పాజిటివ్. రెండింటి మీదా బొమ్మ ఒకేలా ఉండాలి.

వరంగల్ వాణి
ఆ బొమ్మకు ఇంత కథ ఉందా! మా బాబు పాత కాసియో కీబోర్డుకి 9 వోల్ట్ అడాప్టర్ పెడితే అసలు ఆన్ కాలేదు. వోల్టులు సరిపోయాయి, పిన్ కూడా పట్టింది. కీబోర్డే పోయిందని పక్కన పడేశాం.

రిపేర్ బెంచి
వాణి గారూ, పారేయలేదు కదా? పాత కాసియోలు చాలావాటికి మధ్యలో నెగెటివ్. గిటార్ పెడళ్లకు కూడా అంతే. రూటర్లు, సెట్‌టాప్ బాక్సులు, కెమెరాలకు ఎక్కువగా మధ్యలో పాజిటివ్. తిరగేసి ఇస్తే ఆపే డయోడ్ కొన్నింట్లో ఉంటుంది, అవి ఆన్ కాకుండా ఊరుకుంటాయి. అది లేనివైతే పొగే. ముందు బ్యాటరీలు వేసి చూడండి. మోగితే కీబోర్డు బాగున్నట్టే, దానికి తగిన అడాప్టర్ తెచ్చుకుంటే చాలు.

సోల్డరింగ్ సుబ్బడు
బ్యాటరీల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. అడాప్టర్ పోయి, స్టిక్కర్ చెరిగిపోయి, వస్తువు మీద కూడా ఏమీ రాసి లేకపోతే బ్యాటరీ గది మూత తీసి లెక్కపెట్టండి. ఒక్కోటి 1.5 వోల్ట్. నాలుగు వరుసగా పడితే 6 వోల్టులు, ఆరు పడితే 9. నాలుగు బ్యాటరీల బీపీ మెషిన్లకు 6 వోల్ట్ అడాప్టర్ రావడం అందుకే. ప్లస్ లోపలో బయటో మాత్రం ఈ లెక్క చెప్పదు.

ఇంకోటి, చేతిలో ఇటుకలా బరువుగా ఉండే పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లు. 9 వోల్ట్ అని రాసి ఉన్నా, ఏమీ తగిలించకుండా వోల్టులు కొలిచే మీటర్ పెడితే 12, 13 చూపిస్తాయి. ఏదైనా వస్తువు తగిలించి పని పెడితేనే 9కి దిగుతాయి. కొత్త వస్తువులకు వాటిని వాడొద్దు. వాటిలో కొన్ని అవుట్‌పుట్ కూడా ఏసీనే, అంటే గోడ ప్లగ్‌లో వచ్చేలాంటి అటూ ఇటూ మారే కరెంటే ఇస్తాయి. వోల్ట్ అంకె పక్కన అల గుర్తు ఉంటే ఏసీ, అడ్డగీత, దాని కింద చుక్కల గీత ఉంటే డీసీ, అంటే బ్యాటరీలాంటి ఒకే దిక్కు కరెంటు.

చీరాల చిన్నోడు
సుబ్బన్నా, పోయిన అడాప్టర్‌కి మీటర్ పెడితే 12.1 చూపిస్తోంది! అంటే అది బాగానే ఉన్నట్టా?

సోల్డరింగ్ సుబ్బడు
కాదు తమ్ముడూ. లోపల వోల్టులను నిలకడగా ఉంచే కెపాసిటర్ అనే భాగం ఎండిపోయిన అడాప్టర్లు ఖాళీగా ఉన్నప్పుడు ఇలాగే బుద్ధిగా 12 చూపిస్తాయి. పని పెట్టి చూడాలి. బైకు ఇండికేటర్ బల్బు, 12 వోల్ట్ 10 వాట్‌ది, రెండు వైర్లతో అడాప్టర్‌కి తగిలించు. దాదాపు 0.8 ఆంప్ లాగుతుంది. అది వెలుగుతుండగా మీటర్ చూడు. 12 దగ్గరే నిలిస్తే అడాప్టర్ మంచిది. 8కో 9కో జారినా, బల్బు మిణుకుమిణుకుమన్నా దాని పని అయిపోయినట్టే. బల్బు వేడెక్కుతుంది, గాజు ముట్టుకోకు.

కోఠి కస్టమర్
కొత్తది కొనేవాళ్లకు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీకి పాత అడాప్టర్ చేతిలో పట్టుకుని వెళ్లండి. ఫోన్లో ఫొటో చూపిస్తే పిన్ సైజు తెలియదు. 2 ఆంప్ అని రాసి ఉండి, ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటే నమ్మకండి. స్టిక్కర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారుదో వస్తుంది. ఉత్త గుర్తు ఎవడైనా ముద్రించుకుంటాడు, నంబరు కొట్టి చూడాల్సిందే.

3 నుంచి 12 వరకూ స్విచ్ జరుపుకునే యూనివర్సల్ అడాప్టర్లు నాకు నచ్చవు. పిల్లలున్న ఇంట్లో ఆ స్విచ్ ఉన్నచోట ఉండదు.

డల్లాస్ వదిన
ఇక్కడి నుంచి వస్తువులు మోసుకొచ్చేవాళ్లు ఇన్‌పుట్ లైను కూడా చదవండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మన 230కి పిన్ మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే నేరుగా ప్లగ్‌లో పెట్టకండి. అమ్మకోసం తీసుకెళ్లిన మసాజర్‌ది 120దే, వేరే అడాప్టర్ కొనాల్సి వచ్చింది. అన్నట్టు, లాప్‌టాప్ అడాప్టర్‌కి కూడా ఇవే లెక్కలా?

రిపేర్ బెంచి
వోల్టులు, పిన్ మాత్రమే సరిపోతే చాలదు వదినగారూ. డెల్ గుండ్రటి పిన్ మధ్యలో సన్నటి సూది ఉంటుంది. అడాప్టర్ ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కి చెప్పేది అదే. ఆ సమాచారం అందకపోతే లాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు. టైప్ సి అయితే అడాప్టరూ లాప్‌టాపూ మాట్లాడుకుని 5, 9, 15, 20 వోల్టుల్లో ఒకటి ఎంచుకుంటాయి. అక్కడ చూడాల్సింది వాట్లు, కేబులూ. 60 వాట్లు దాటితే మామూలు కేబుల్ పనికిరాదు, 5 ఆంప్‌ది కావాలి.

చీరాల చిన్నోడు
అందరికీ థాంక్స్. బల్బు పెడితే 12.1 కాస్తా 7కి పడిపోయింది. సీసీ కెమెరాది పెట్టాను, బొమ్మ కూడా కలిసింది, నెట్ వచ్చింది. కానీ పిన్ వదులుగా ఉంది. వైరు కదిలితే రూటర్ ఆఫ్.

సోల్డరింగ్ సుబ్బడు
బయట కొలత రెండింటికీ 5.5 మిల్లీమీటర్లే, లోపలి రంధ్రం తేడా. రూటర్ జాక్ 2.1ది, కెమెరా పిన్ 2.5ది అయ్యుంటుంది. టేపు చుట్టి సరిపెట్టకు, అక్కడ నిప్పురవ్వలు లేచి జాక్ నల్లబడుతుంది. పాత అడాప్టర్ ఎలాగూ పోయింది కదా, దాని వైరు జానెడు వదిలి కత్తిరించి, ఆ పిన్నుని దీనికి అతికించుకో. తెల్లగీత ఉన్న వైరు పాజిటివ్ అంటారు గానీ అన్నిట్లో కాదు. అతికాక, రూటర్‌కి పెట్టకముందు, మీటర్ ఎర్ర వైరు పిన్ లోపల, నల్లది బయట ఆనించు. అంకె ముందు మైనస్ వస్తే వైర్లు తారుమారైనట్టు, విప్పి మార్చు.