ఇసుక మీద గోధుమ జిగురు: యూవీ దీపం పెట్టాలా, సిలికేట్ వేయాలా?

రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) 200 లీటర్లు, సంప్ (ఫిల్టర్ సామాను ఉండే పక్క తొట్టి) 50. స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం), 200 మైక్రాన్ల ఫిల్టర్ సాక్, రియాక్టర్‌లో జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు). ఆర్ఓడీఐ (లవణాలు తీసేసి శుద్ధి చేసిన) నీటి టీడీఎస్ (కరిగిన పదార్థాల కొలత) 0. ఉప్పదనం 35 పీపీటీ, ఆల్కలినిటీ 8 డీకేహెచ్, కాల్షియం 420. ఇవి నిలకడగానే ఉన్నాయి.

చిక్కంతా ఫాస్ఫేట్‌తోనే. జీఎఫ్ఓ పూర్తిగా లాగేయడంతో 0.00కి పడిపోయింది. నైట్రేట్ 2 పీపీఎం. పోషకాలు కరువై మామూలు నాచు వెనక్కి తగ్గింది, ఆ ఖాళీలో ఇది పుట్టుకొచ్చింది. లైట్లు వెలిగాక ఇసుక మీద గోధుమ పొర, దాని నుంచి జిగురు తీగలు, తీగల కొసన గాలి బుడగలు. కాస్త పొరను నీటిలో గిలకొట్టి, కాఫీ ఫిల్టర్‌లో వడకట్టి వెలుతురులో పెడితే గంటలోపే మళ్లీ తీగలుగా అతుక్కుంది. కాబట్టి డయాటమ్‌లు (సిలికాతో గోడ కట్టుకునే సూక్ష్మ నాచు) కావు, డైనోఫ్లాజెల్లేట్లే (తోకలతో ఈదే సూక్ష్మజీవులు).

జీఎఫ్ఓ తీసేశాను. సోడియం ఫాస్ఫేట్ ద్రావణంతో 0.05 నుంచి 0.1 మధ్య ఉంచాలని చూస్తుంటే, తెల్లారేసరికి మళ్లీ సున్నా. రాళ్లు పీల్చుకుంటున్నాయనుకుంటా. ఇలా ఎన్నాళ్లు వేస్తే నిలబడుతుంది?

అసలు ప్రశ్న ఇది. రాత్రి పొర పలచబడుతోంది. అది నీటిలోకి లేస్తోందంటే ఆస్ట్రియాప్సిస్ అనే రకం డైనోఫ్లాజెల్లేట్, యూవీకి (తన ముందు పారే నీటిలోని జీవులను చంపే దీపం) లొంగుతుంది. ఇసుకలోకి దిగుతోందంటే యాంఫిడినియం అనే రకం, యూవీ దండగ. అప్పుడు సిలికేట్ వేసి డయాటమ్‌లను పోటీకి పెంచాలి. మైక్రోస్కోప్ లేకుండా ఈ రెంటినీ తేల్చే దారి ఉందా? సిలికేట్ వాడినవాళ్లు ఎన్ని పీపీఎం దగ్గర ఉంచారో, స్కిమ్మర్ ఆపారో లేదో దయచేసి చెప్పండి. పగడాలు ఇప్పటికే పాలిపోతున్నాయి.