వనభోజనాల వాలంటీర్లకు: ఫైఫ్, డ్రమ్ మిత్రులు వస్తున్నారు, పనులు పంచుకుందాం

అందరికీ నమస్కారం. ఆగస్టు రెండో శనివారం మన వనభోజనాలకు, నేను వారం వారం కలిసి వాయించే స్నేహితులు ఎనిమిది మంది వస్తామని మాటిచ్చారు. నలుగురు ఫైఫ్, ముగ్గురు తాళ్లతో బిగించే డ్రమ్ములు, ఒకరు బాస్ డ్రమ్. వాళ్లలోనే కొందరు ఫిడిల్ (వయొలిన్), టిన్ విజిల్ (రేకు పిల్లనగ్రోవి), బోధ్రాన్ (ఐర్లాండ్ వాళ్ల డప్పులాంటిది) కూడా తెస్తున్నారు. పోయినేడు రెండు సినిమా డాన్సుల మధ్య వాళ్లకు ఐదు నిమిషాలిచ్చి, సరిగ్గా ఊపందుకునే సమయానికి దిగిపొమ్మన్నాం. ఒక్కమాట అనలేదు వాళ్లు, కానీ నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. అందుకే ఇంత ముందుగా రాస్తున్నా.

కొత్తగా చేరినవాళ్ల కోసం: ఫైఫ్ అంటే ఆరు రంధ్రాల చిన్న చెక్క పిల్లనగ్రోవి, గొంతు మాత్రం చాలా పైస్థాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సైనికులను నిద్ర లేపడం దగ్గర్నుంచి భోజనానికి పిలవడం దాకా అన్నీ ఫైఫ్, డ్రమ్ముల మీదే చెప్పేవాళ్లు, తుపాకుల మోతలోనూ వినపడాలి కదా. మన కనెక్టికట్‌లో ఆ వాయింపు ఇంకా బతికే ఉంది. మూడస్ ఊరి బృందం 1860 నాటిది. డీప్ రివర్ అనే ఊళ్లో ఏటా జులై మూడో శనివారం ఇలాంటి బృందాలన్నీ మెయిన్ స్ట్రీట్ మీద నడుస్తాయి. నేను మొదటిసారి అక్కడే విన్నా. బాస్ డ్రమ్ దెబ్బ చెవికన్నా ముందు గుండెల్లో తగిలింది, మా ఊళ్లో డప్పులు సందు మలుపు తిరగ్గానే తగిలినట్టు.

కాబట్టి నా కోరిక ఒక్కటే, వీళ్లను స్టేజీ ఎక్కించొద్దు. పదకొండింటికి పార్కింగ్ దగ్గర మొదలుపెట్టి పెవిలియన్ దాకా వాయిస్తూ నడుస్తారు, మన డప్పులవాళ్లు సగం దారిలో ఎదురెళ్లి కలవాలి, మనమంతా వెనకాల నడుద్దాం. పసిపిల్లలున్నవాళ్లు మాత్రం డ్రమ్ములకు కాస్త దూరంగా ఉండండి, నిజంగానే చెవులు గింగురుమంటాయి.

సౌండ్ టీమ్: అన్నా, మైకు అసలు వద్దా? వీడియో కోసమైనా ఒకటి పెట్టనా?

బయట వద్దు తమ్ముడూ, ఫైఫ్‌కి మైకు పెడితే ఎవరూ నిలబడలేరు. భోజనాలయ్యాక పెవిలియన్‌లో ఐరిష్ పాటలు వాయిస్తారు, అప్పుడు మధ్యలో ఒక్కటి పెట్టు చాలు. కుర్చీలు గుండ్రంగా వేయాలి, ఒకరి వేళ్లు ఒకరికి కనపడాలి. ఒక్కో బాణీ రెండు మూడుసార్లు వాయించి ఆపకుండా ఇంకోదాంట్లోకి వెళ్లిపోతారు, అయిపోయిందనుకుని ఎనౌన్స్‌మెంట్లు మొదలుపెట్టొద్దు. వాటిలో జిగ్, రీల్ అని రెండు రకాల డాన్సు బాణీలుంటాయి, జిగ్ వస్తే ‘తకిట తకిట’, రీల్ వస్తే ‘తకధిమి’ అనుకుని తాళం వేయండి, ఇట్టే పట్టుబడుతుంది.

ఫుడ్ టీమ్: డప్పులు కాచుకోవడానికి మా బొగ్గుల గ్రిల్ పక్కన చోటిస్తాం. ఆ ఇంకో చర్మవాద్యం, బోధ్రాన్, కూడా అక్కడే పెట్టమంటారా?

అయ్యో, వద్దక్కా! బోధ్రాన్‌ది కూడా మేకతోలే, కానీ ఎండకు, వేడికి మరీ బిగిసిపోతుంది, పగిలినా పగులుతుంది. అది వాయించే ఆయన చిన్న నీళ్ల సీసా పెట్టుకుని వేళ్లతో తోలు వెనకవైపు తడి రాసుకుంటూ ఉంటాడు. దాన్ని నీడలోనే ఉంచుదాం. తాళ్ల డ్రమ్ముల సంగతి వేరు, తేమకు తోలు వదులైతే తాళ్ల మీదున్న తోలుపట్టీలు కిందికి లాగి బిగించుకుంటారు, వాళ్లకో పావుగంట ముందు ఇవ్వాలి. ఇద్దరు శాకాహారులు, పులిహోర కారం తగ్గించి విడిగా తీయండి.

సంగీతం టీచర్ గారు: మా పిల్లలకు నొట్టుస్వరాలు వచ్చండీ. ‘శక్తి సహిత గణపతిం’ వాళ్లతో కలిపి పాడించొచ్చా?

ఎంత మంచి ఆలోచన చెప్పారండీ! ముత్తుస్వామి దీక్షితులు మద్రాసులో ఈస్టిండియా కంపెనీవాళ్ల బ్యాండు విని ఆ ధోరణిలో సంస్కృతంలో కట్టినవే కదా అవి, ఇంతకన్నా సరైన చోటు ఏముంది? ఫైఫ్‌తో వద్దు, పిల్లల గొంతులు వినపడవు. విజిల్, ఫిడిల్ చాలు. ఐదు శ్రుతిలో పాడగలరా? విజిల్ మీద శంకరాభరణం అక్కడ హాయిగా పలుకుతుంది. స్వరం రాసి పంపితే రెండు వారాల్లో నేర్చుకుంటామన్నారు. వనభోజనాలకు ముందొచ్చే గురువారం సాయంత్రం ఆరింటికి మా గరాజ్‌లో రిహార్సల్, పిల్లల్ని తీసుకురండి, టీ, స్నాక్స్ మావే.

ఇంకా కావలసినవి: దారి చూసుకోవడానికి నలుగురు, కుర్చీలకు ఇద్దరు, పార్కు పర్మిట్‌లో వాద్యాలకు అనుమతి ఉందో లేదో అడిగేవాళ్లు ఒకరు. డప్పులు ఎవరెవరు తెస్తున్నారో ఆదివారంలోగా ఇక్కడే రాసేయండి.