లెవిటౌన్ ఇళ్ల గురించి తెలిసినవాళ్లు సాయం చేయగలరా?

నేను డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. 1950ల అమెరికా గురించి మా పుస్తకం కార్లు, ఫ్రిజ్‌లు, టీవీలు అంటూ రెండు పేజీల్లో తేల్చేసింది. ఆ కాలాన్ని ఒక ఊరి ద్వారా చూపిద్దామని లెవిటౌన్ ఎంచుకున్నాను.

న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో 1947లో మొదలైంది ఇది. ఇళ్లు కట్టేవాళ్లలో ఒక్కో జట్టు ఒకే పని చేసుకుంటూ ఇంటి నుంచి ఇంటికి వెళ్లిపోయేది. కింద బేస్‌మెంట్ లేదు, కాంక్రీటు పలక మీదే ఇల్లు. 1949 మోడల్ ధర 7,990 డాలర్లు. మాజీ సైనికులైతే ముందు పైసా కట్టకుండానే లోన్ మీద తీసుకోవచ్చు. 1950 మోడల్‌కి టీవీ కూడా బిగించే ఇచ్చారు!

కానీ నల్లజాతివాళ్లకు అమ్మేవారు కాదు, యుద్ధంలో పనిచేసి వచ్చినా సరే. 1957లో, అదే కంపెనీ పెన్సిల్వేనియాలో కట్టిన మరో లెవిటౌన్‌లో విలియం, డైసీ మైయర్స్ అనే నల్లజాతి దంపతులు పిల్లలతో దిగితే, జనం గుమిగూడి కిటికీ మీదికి రాళ్లు రువ్వారు. పిల్లలకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇదే అని నా ఉద్దేశం.

ఆ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లెవరైనా చెప్పండి: పెద్దగా మార్పులు చేయని పాత ఇల్లు ఇంకా ఎక్కడైనా కనిపిస్తుందా? వీధిలోంచి తీసిన ఫొటో ఉన్నా చాలు. అలాగే, అక్కడ ఇల్లు దొరకని నల్లజాతి సైనికులు చివరికి ఎక్కడ, ఎలా కొనుక్కున్నారో వివరించే తేలికైన పుస్తకం ఏదైనా ఉందా? వచ్చే వారమే క్లాసు, కాస్త టెన్షన్‌గా ఉంది.