కోరస్‌ని ‘వంత’ అందామా?

పర్లాకిమిడి నుంచి:

అందరికీ నమస్కారం. ఒడిశాలోని మా ఊరి తెలుగువాళ్లం కొందరం కలిసి ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన ‘ఈడిపస్’ నాటకం రిహార్సల్స్ చేస్తున్నాం. కీబోర్డు లేదు, రికార్డు చేసిన సంగీతం లేదు. జముకు అనే తీగ వాద్యం మీటుతూ జముకుల కథ చెప్పే ముగ్గురు వేదిక మీదే ఉండి పాడతారు. కరపత్రంలో పాత్రల పట్టిక రాస్తుంటే ‘కోరస్’ దగ్గర, అంటే కథ మధ్యలో కలిసి పాడుతూ మాట్లాడే గుంపు దగ్గర, ఆగిపోయాం. ఒకరు ‘బృందగానం’ అన్నారు, ఇంకొకరు ‘గాయక బృందం’. అవి వింటే నాకు రేడియోలో దేశభక్తి గీతం గుర్తొస్తుంది. ఊళ్లో మాయరోగం వచ్చి జనం పోతుంటే రాజు ఈడిపస్ గుమ్మం ముందు నిలబడ్డ థీబ్స్ నగరపు పెద్దమనుషులు, అంటే ఈ నాటకంలోని కోరస్, గుర్తుకు రారు. కథకుడి పక్కన మాట అందుకుని పాడేవాళ్లను మనం అనే ‘వంత’ అందామని నా పట్టుదల.

సోఫోక్లీస్ నాటకాల్లో కోరస్ 15 మంది. ఆలోస్ అనే జంట గొట్టాల ఊదే వాద్యంతో పాడేవారు, ఆడేవారు. కోరస్ అన్న గ్రీకు మాటకు అసలు అర్థమే ఆట. కాబట్టి జముకును మనం ఈ నాటకానికి బయటినుంచి తెచ్చి అతికించడం లేదు. పైగా చావులూ దెబ్బలూ అక్కడ వేదిక మీద చూపించరు. రాణి జొకాస్టా ఉరి వేసుకున్నదీ, ఈడిపస్ ఆమె చీరపిన్నుల్లాంటి బంగారు సూదులతో కళ్లు పొడుచుకున్నదీ లోపలినుంచి ఒకడొచ్చి చెబుతాడు. అంటే అది కథ చెప్పడమే కదా!

మొన్న ఆ ఘట్టం చేశాం. మా కథకుడు తాత పాతపట్నం వైపు నుంచి వస్తారు. జముకును చంకలో ఇరికించుకుని, తీగను బిగిస్తూ వదులుతూ మీటారు. ఆ మోత కిందనుంచి పైకి లేచి, ఎవరో ‘ఊఁ?’ అని అడిగినట్టు ఆగింది. వార్త తెచ్చినవాడు “తలుపు గడియ విరిగింది” అన్నాడు. వంత పాడే తమ్ముడు “విరిగిందీ...” అని చివరి మాట ఒక్కటే అందుకుని లాగాడు. మేం రాసుకున్న నాలుగు పంక్తుల పాట అక్కడికక్కడే కొట్టేశాను. ఆ ఒక్క మాట చాలు.

ఇంకో సంగతి. కావ్యాల్లో ‘వంత’ అంటే దుఃఖం. ‘వంతఁ గుందు’ అంటే బాధతో కుమిలిపోవడం. పక్కపాట, దుఃఖం రెంటికీ పుట్టుక ఒకటేనని నేననడం లేదు. కానీ విషాద నాటకంలో కోరస్‌కు ఇంతకంటే తగిన మాట నాకు తట్టలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం నోట్లో ఉన్న మాట వదిలి ‘బృందగానం’ అచ్చువేయడానికి మనసొప్పడం లేదు.

బరంపురం నుంచి:

మాస్టారూ, మాట బాగుంది. కానీ ఇప్పుడు ‘వంత పాడుతున్నాడు’ అంటే తిట్టు. నాయకుడు ఏమంటే దానికి తల ఊపేవాడని అర్థం. చదివేవాళ్లు అలా అనుకోరూ? ఇంకోటి, మా గంజాంలో దాసకాఠియా అనే ఒడియా కథాగానం ఆడతారు. గాయకుడి పక్కన అందుకునేవాణ్ణి ‘పాళియా’ అంటారు. మీ ప్రేక్షకుల్లో ఒడియావాళ్లూ ఉంటారు కదండీ, అదే పెడితే?

పర్లాకిమిడి నుంచి:

అమ్మా, తిట్టుగా వాడటం నిజమే. అయితే ఆ అర్థం రాజకీయాల్లో ముదిరింది, కథలో కాదు. బుర్రకథలో ఒక వంత రాజకీయం, ఇంకో వంత హాస్యం. హాస్యం చెప్పేవాడు కథకుణ్ణి మధ్యలో ఆపి నిలదీస్తాడు కూడా. మనం అడగాలనుకున్నది మన బదులు అడుగుతాడు. థీబ్స్ పెద్దలూ అంతే. పాత రాజును చంపింది ఈడిపస్సేనని గుడ్డి జోస్యుడు టైరీసియస్ అన్నా, రుజువు లేకుండా నమ్మం అంటారు. అదే రాజు కళ్లు పొడుచుకుని వచ్చినప్పుడు, ఎంత పని చేశావు, చేతులెలా వచ్చాయి అని ముఖం మీదే అడుగుతారు. తల ఊపేవాళ్లు అలా అడగరు.

పాళియా సంగతి గుర్తుచేసి మంచి పని చేశారు. ఒడియాలో ‘పాళి’ అంటే వంతు. ‘మో పాళి’ అంటే నా వంతు. మనకూ ‘వంత’ పక్కనే ‘వంతు’ ఉంది! కరపత్రంలో ఒడియా వైపు ‘పాళియా’, తెలుగు వైపు ‘వంత’ వేస్తాం.

నిన్న తాతకు పట్టిక చదివి వినిపించాను. ‘కోరస్’ అంటే “అదేటి బాబూ?” అన్నారు. ‘వంత’ అని చదవగానే కాగితం మీద వేలు పెట్టి, “ఇక్కడ మా తమ్ముడి పేరు ముందు రాయండి, గొంతు వాడిదే” అన్నారు.