క్రూజ్ టికెట్ మీద వెనిస్ అని ఉంది, బ్రాకెట్లో రావెన్నా అని ఉంది. ఓడ అసలు ఎక్కడ ఎక్కాలి?

వేసవి_ప్రయాణం:

అందరికీ నమస్తే. జూన్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని నేను, మా ఆవిడ ఇటలీ నుంచి ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నాం. హైదరాబాద్‌లోనే ఒక ఏజెంట్ ద్వారా బుక్ చేశాం. ఆయన చూపించిన బ్రోషర్ మీద పెద్ద అక్షరాల్లో వెనిస్ అని, దాని కింద ఆ ఊరి పెద్ద చౌరస్తా శాన్ మార్కోలోని గంటస్తంభం పక్కనుంచి ఓడ వెళ్తున్న ఫొటో. నాన్నకి ఆ ఫొటోయే తెగ నచ్చేసింది, డెక్ మీద నిలబడి వెనిస్ మొత్తం చూస్తానని చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పేశారు. మొన్న కన్ఫర్మేషన్ వచ్చింది. ఎక్కే చోటు వెనిస్ అనే ఉంది గానీ పక్కన బ్రాకెట్లో చిన్నగా రావెన్నా అని ఉంది. మ్యాప్‌లో చూస్తే అది వెనిస్‌కి దాదాపు 150 కిలోమీటర్ల దూరం! ఏజెంట్‌ని అడిగితే "అది పోర్టు పేరండీ, అంతా ఒకటే, బస్సు ఉంటుంది" అని నీళ్లు నమిలాడు.

వెనిస్‌లోకి పెద్ద ఓడల్ని రానివ్వడం లేదని ఎక్కడో చదివాను. నిజమేనా? మొత్తం ఆపేశారా, కొన్నిటినేనా? ఆపేస్తే అవన్నీ ఇప్పుడు ఎక్కడ ఆగుతున్నాయి? ఫ్లైట్లు ఇంకా కొనలేదు కాబట్టి ఎక్కడ దిగితే మేలో కూడా చెప్పండి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. నాన్నకి ఆ ఫొటోలో ఉన్నది చూపించే మార్గం ఏదైనా ఉంటే అదీ చెప్పండి ప్లీజ్, ఆయనకి ఇంకా ఈ సంగతి చెప్పలేదు.

ట్రియెస్టె_తెలుగోడు:

నేనుండేది ట్రియెస్టెలో. అబ్దుస్ సలామ్ 1964లో ఇక్కడ పెట్టిన ఫిజిక్స్ సంస్థ వల్ల పరిశోధనకి వచ్చే మనవాళ్లు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ల కోసం వచ్చే చుట్టాలందరికీ ఈ ఓడల గోల విప్పి చెప్పడం మాకు అలవాటైపోయింది.

ముందుగా, ఆ బ్రోషర్ ఫొటో పాతది. 2021 ఆగస్టు 1 నుంచి శాన్ మార్కో ముందున్న నీళ్లు, అక్కడికి ఓడలు వచ్చే జుదెక్కా కాలువ పెద్ద ఓడలకి బంద్. ఆ జలమార్గాల్ని ప్రభుత్వం జాతీయ స్మారకాలుగా ప్రకటించింది. 25,000 టన్నులు దాటినా, పొడవు 180 మీటర్లు దాటినా, నీటి మీద ఎత్తు 35 మీటర్లు దాటినా, వీటిలో ఏ ఒక్కటి దాటినా లోపలికి రానివ్వరు. ఇప్పుడు మనవాళ్లు ఎక్కే క్రూజ్ ఓడలు ఏవీ ఈ లెక్కలో పట్టవు. వంద రెండొందల మంది ఎక్కే చిన్న ఖరీదైన ఓడలు మాత్రం ఇంకా నగరంలోని పాత రేవుకి వస్తాయి.

ఇక మిగిలినవి ఎక్కడికి పోయాయంటే, కొన్ని మార్గెరాకి. అది వెనిస్ మునిసిపాలిటీ కిందికే వస్తుంది గానీ ప్రధాన భూభాగం వైపున్న పారిశ్రామిక రేవు, క్రేన్లు, ట్యాంకులు, కంటైనర్ల మధ్య ఓడ ఆగుతుంది. అక్కడి నుంచి బస్సులో వంతెన దాటితే వెనిస్ మొదట్లోకి వచ్చేస్తారు. బ్రాకెట్లో మార్గెరా అని ఉంటే మీరు అదృష్టవంతులు అని చెప్పేవాణ్ణి. కొన్ని మా ట్రియెస్టెకి వస్తాయి, రేవు ఊరి నడిబొడ్డున, సముద్రం వైపు తెరుచుకున్న పెద్ద చౌరస్తా పియాజ్జా ఉనిటా పక్కనే ఉంటుంది, రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు, వెనిస్‌కి రైల్లో రెండు గంటలు. మీకొచ్చింది రావెన్నా, మూడింట్లో కాస్త తిప్పలు ఎక్కువున్నది అదే. ఓడ ఆగేది రావెన్నా ఊళ్లో కూడా కాదు, ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల అవతల సముద్రం ఒడ్డున పోర్తో కోర్సీని అనే చోట. వెనిస్ నుంచి రోడ్డు మీద రెండున్నర గంటలు అనుకోండి, రోమెయా అనే ఆ రోడ్డు నిండా లారీలే, వేసవి వారాంతాల్లో ఇంకా ఆలస్యం అవుతుంది. రైల్లో అయితే ఫెర్రారాలోనో బొలోనియాలోనో మారాలి, సుమారు మూడు గంటలు, ఆపైన స్టేషన్ నుంచి రేవుకి బస్సో టాక్సీయో.

కాబట్టి బ్రోషర్ మీద ఏముందో మర్చిపోండి, బ్రాకెట్లో ఉన్న ఊరిని బట్టే ఫ్లైటూ హోటలూ చూసుకోండి. ఓడ ఎక్కే రోజు పొద్దున వెనిస్ చూసి సాయంత్రం ఎక్కుదామనే ప్లాన్ రావెన్నా విషయంలో పెట్టుకోవద్దు. వెనిస్‌లో రెండు రాత్రులు ముందే ఉండి చూసేయండి, క్రూజ్‌కి ముందు రోజు రావెన్నా చేరి అక్కడ పడుకోండి. ఆ ఊరు ఊరికే దారిలో పడేది కాదు, 1500 ఏళ్ల నాటి మొజాయిక్ గుడులు ఉన్నాయి, ఎనిమిది కట్టడాలు 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. గల్లా ప్లాచీదియా సమాధి మందిరం లోపలికి వెళ్లి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఆగి తల పైకెత్తితే ముదురు నీలం పైకప్పు నిండా బంగారు చుక్కలు కనిపిస్తాయి. మీ అమ్మగారికి అక్కడ మెట్ల బాధ కూడా లేదు, ఊరంతా చదునే.

ఇంజన్‌రూమ్_వైజాగ్:

ట్యాంకర్ల మీద ఇంజనీరుగా చేస్తున్నాను, మార్గెరా వైపు పనిమీద వెళ్లాను కాబట్టి రెండు మాటలు కలుపుతాను.

ఆ 25,000 టన్నులు బరువు కాదు. ఓడ లోపలి చోటుని కొలిచే లెక్క అది, గ్రాస్ టన్నేజ్ అంటాం. వార్తల్లో లక్ష టన్నుల ఓడ అని రాస్తే అందరూ బరువనుకుంటారు. మామూలు క్రూజ్ ఓడ ఇప్పుడు లక్ష పైనే, పొడవు 300 మీటర్ల దగ్గర. జుదెక్కా కాలువలో అలాంటిది వెళ్తుంటే ఒడ్డు మీద ఉన్న చర్చిలకంటే డెక్కే ఎత్తుగా ఉండేది.

ఇది ఒక్క రోజులో వచ్చిన నిషేధం కూడా కాదు. 2012 జనవరిలో ఇటలీలోని జిలియో దీవి దగ్గర కోస్టా కంకార్డియా అనే క్రూజ్ ఓడ రాళ్లకి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం 40,000 టన్నుల పైవాటికి శాన్ మార్కో దారి మూసేస్తామంది, కానీ వేరే దారి దొరికేదాకా అని మెలిక పెట్టింది. ఆ వేరే దారి దొరకనూ లేదు, మూసెయ్యనూ లేదు. 2019 జూన్ 2న ఒక పెద్ద క్రూజ్ ఓడ అదే కాలువలో అదుపు తప్పి, శాన్ బాసిలియో గట్టునీ అక్కడ కట్టేసి ఉన్న టూరిస్టు పడవనీ గుద్దింది, కొందరికి గాయాలయ్యాయి. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది, హారన్ మోగుతూనే ఉంటుంది, ఓడ మాత్రం మెల్లగా వచ్చేస్తూనే ఉంటుంది, గట్టు మీద జనం పరుగులు. అంత బరువున్నదాన్ని అంత దగ్గర్లో ఆపడం ఎవరివల్లా కాదు. 2021లో యునెస్కో వెనిస్‌ని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టేస్తుందేమో అన్న టెన్షన్ మొదలయ్యాక గానీ అసలు నిర్ణయం రాలేదు.

మార్గెరాకి వచ్చే ఓడలు లిడో దగ్గర కాకుండా దక్షిణాన మలమొక్కో దగ్గర లగూన్‌లోకి (వెనిస్ చుట్టూ ఉన్న లోతు తక్కువ ఉప్పునీటి సరస్సు) దూరి, 1960ల్లో ఆయిల్ ట్యాంకర్ల కోసం తవ్విన కాలువ గుండా వస్తాయి. కాలువ ఇరుకు, గాలి ఎక్కువగా ఉంటే కష్టం, అందుకే మరీ పెద్దవాటికి ట్రియెస్టె, రావెన్నాయే గతి. డెక్ మీద నుంచి చూస్తే రిఫైనరీ పొగగొట్టాలు బాగా కనిపిస్తాయి, మీ నాన్నగారికి నచ్చుతాయని అనుకోను :)

లగేజీ_తక్కువ:

నాకైతే ఇదంతా నాటకంలాగే ఉంది. ఓడలో వచ్చినవాడు నాలుగు గంటలు తిరిగి వెళ్లిపోతాడు, రైళ్లలో విమానాల్లో వచ్చేవాళ్లు వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ, వాళ్లని ఎవరూ ఆపడం లేదు. పైగా రావెన్నా నుంచి ఆ జనాన్నే మళ్లీ బస్సుల్లో ఎక్కించి 150 కిలోమీటర్లు తెచ్చి అదే శాన్ మార్కోలో దింపుతున్నారు. డీజిల్ పొగ అదనం. ఇప్పుడు ఊళ్లోకి అడుగు పెట్టడానికి టికెట్ కూడా పెట్టారట కదా?

ట్రియెస్టె_తెలుగోడు:

బస్సుల మాట నిజమే, కాదనను. మా ఊళ్లో కూడా ఓడ ఆగిన పొద్దున ఏడింటికే రేవు బయట బస్సుల వరుస మొదలవుతుంది, సగం మంది ట్రియెస్టె వైపు తల తిప్పి చూడకుండా నేరుగా వెనిస్ పోతారు. సమస్య తీరలేదు, సగం పక్క ఊళ్లకి మారింది, ఒప్పుకుంటాను. మార్గెరా కాలువ వల్ల లగూన్ అడుగు కోసుకుపోతోందని పర్యావరణం వాళ్ల గొడవ కూడా ఆగలేదు.

కానీ నాటకం అనడం అన్యాయం. జుదెక్కా ఒడ్డున ఉన్నవాళ్ల కిటికీ ముందు నుంచి రోజూ పన్నెండు అంతస్తుల ఓడ పోవడం, దాని వెనక నీళ్లు వచ్చి పాత గోడల పునాదులకి కొట్టడం, ఆగిపోయాయి కదా. 2019లో ఓడల్లో వచ్చినవాళ్లే సుమారు 16 లక్షల మంది. ద్వీప నగరంలో 1951లో దాదాపు 1,75,000 మంది కాపురం ఉండేవాళ్లు, 2022 నాటికి 50,000 కంటే తగ్గిపోయారు. తమ ఊళ్లో తామే మైనారిటీ అయినవాళ్ల కోపం మనకి దూరం నుంచి అంత తేలిగ్గా అర్థం కాదు.

టికెట్ సంగతి: అది 2024 ఏప్రిల్ 25న మొదలైంది. పగటి పూట వచ్చి వెళ్లిపోయేవాళ్లకి మాత్రమే, అదీ రద్దీ రోజుల్లో, పొద్దున 8.30 నుంచి సాయంత్రం 4 మధ్య లోపలికి వెళ్తేనే. 2025లో అలాంటి రోజులు 54, నాలుగు రోజుల ముందుదాకా కడితే 5 యూరోలు, ఆ తర్వాత 10. వెనిస్‌లో రాత్రి ఉంటే కట్టక్కర్లేదు, ఎందుకంటే హోటల్ బిల్లులోనే టూరిస్టు పన్ను వేస్తారు. కానీ మినహాయింపు కోడ్ మాత్రం ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని ఫోన్‌లో పెట్టుకోవాలి. జూన్ శుక్ర, శని, ఆదివారాల్లో వెళ్తుంటే నగరపాలక సంస్థ సైట్‌లో ఆ ఏడాది తేదీలు తప్పకుండా చూసుకోండి.

వేసవి_ప్రయాణం:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్ అండీ, ఏజెంట్ రెండు నెలల్లో చెప్పనిది ఒక్క రాత్రిలో చెప్పేశారు. వెనిస్‌లో రెండు రాత్రులు, రావెన్నాలో ఒకటి అని ఖాయం చేస్తున్నాం. ఇంతకీ నాన్న సంగతే తేలలేదు. శాన్ మార్కోని నీటి మీద నుంచి చూపించడానికి గొండోలానే దిక్కా? అమ్మ అందులోకి దిగదు, అది ఖాయం.

మెస్త్రె_వదిన:

గొండోలా అక్కర్లేదు తమ్ముడూ. పెద్ద ఓడలు పాత రోజుల్లో వెళ్లిన దారిలోనే సిటీ పడవ వెళ్తుంది, రెండో నంబరు వాపొరెట్టో. ట్రోంకెట్టో స్టాపులో ఎక్కించండి, గ్రాండ్ కెనాల్ వైపు వెళ్లేది కాదు, జుదెక్కా మీదుగా శాన్ జక్కారియా వెళ్లేదేనా అని ఎక్కేముందు అడగండి. ఎడమ వైపు నిలబడమనండి. జాట్టెరె స్టాపు దాటాక ఎడమన సలూటే చర్చి గుమ్మటం, ఆ మూల తిరగగానే డోజుల (ఒకప్పటి వెనిస్ పాలకుల) భవనం, గంటస్తంభం, మొత్తం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. పైనుంచి చూడాలి అంటే శాన్ జోర్జో స్టాపులో దిగేయండి, శాన్ మార్కోకి ఎదురుగా ఉన్న దీవి. ఆ చర్చి గంటస్తంభానికి లిఫ్ట్ ఉంది, అమ్మ కూడా ఎక్కుతుంది. మీ నాన్న డెక్ మీద నుంచి చూడాలనుకున్నది అక్కడ నుంచి ఇంకా బాగా కనిపిస్తుంది, ఓడ అయితే పదిహేను నిమిషాల్లో దాటిపోయేది, ఇక్కడ కావలసినంత సేపు నిలబడొచ్చు.

హోటల్ మాత్రం బస్సులు ఆగే పియాజ్జాలె రోమా దగ్గరో, లేకపోతే వంతెన ఇవతల ప్రధాన భూభాగం మీదున్న మా మెస్త్రెలో స్టేషన్ పక్కనో చూడండి. లోపల ప్రతి వంతెనకీ మెట్లే, పెద్ద సూట్‌కేసులతో ఆ మెట్లు ఎక్కి దిగడం వద్దు. మెస్త్రె కూడా వెనిస్ మునిసిపాలిటీయే కాబట్టి ఆ ప్రవేశ రుసుం మినహాయింపు అక్కడున్నా వర్తిస్తుంది.

ఇంజన్‌రూమ్_వైజాగ్:

ఫ్లైట్ల విషయం ఎవరూ చెప్పలేదు. వెళ్లేటప్పుడు దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో వెనిస్‌కి, వచ్చేటప్పుడు మాత్రం బొలోనియా నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్‌కి చూడండి. రావెన్నాకి దగ్గర పెద్ద విమానాశ్రయం బొలోనియాయే, రైల్లో గంట, గంటంపావు. ఓడ పొద్దున ఏడింటికి ఆగినా సామాన్లతో బయటపడేసరికి తొమ్మిది దాటుతుంది, మధ్యాహ్నం రెండు లోపు ఫ్లైట్ పెట్టుకోకండి.

ఇంకొకటి, ఇది ముఖ్యం. మీ ఓడ దారిలో కోటోర్ ఉందేమో చూసుకోండి, ఈ అడ్రియాటిక్ క్రూజుల్లో తరచుగా ఉంటుంది. అది మాంటెనెగ్రో దేశంలో ఉంది, షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి) కాదు. క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంగెన్‌లో చేరింది కాబట్టి దానితో ఇబ్బంది లేదు, కానీ కోటోర్ వెళ్లి వెనక్కి వస్తే మళ్లీ షెంగెన్‌లోకి ప్రవేశించినట్టే లెక్క. నలుగురికీ మల్టిపుల్ ఎంట్రీ వీసాయే అడగండి, దరఖాస్తుతో పాటు ఓడ ఆగే ఊళ్ల జాబితా పూర్తిగా జత చేయండి. సింగిల్ ఎంట్రీ వస్తే చెక్-ఇన్ దగ్గరే ఆపేస్తారు.