షెల్ స్క్రిప్టు పోసిక్స్‌కే (యునిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) కట్టుబడాలా, అన్నిచోట్లా గ్నూ టూల్స్ (లినక్స్‌లో మామూలుగా వచ్చే కమాండ్లు) పెట్టేస్తే సరిపోతుందా?

యార్డు_లెక్కలు (గుంటూరు):
మిర్చి లాట్ల సీఎస్‌వీ రోజూ సాయంత్రం వస్తుంది. లాటు నంబరు, రకం, బస్తాలు, ధర. రకం పేరు తెలుగులోనే ఉంటుంది. ఏ రకానివి ఎన్ని లాట్లో లెక్కగట్టే పైపు (ఒకదాని ఫలితం ఇంకోదానికి అందించే కమాండ్ల వరుస) ఇదీ: కట్‌తో రెండో గడి తీసి, మళ్ళీ కట్ -సీ 1-3 తో మొదటి మూడక్షరాలు పొట్టి కోడుగా తీసుకుని, సార్ట్‌కి, అక్కణ్ణుంచి ఒకేలాంటి వరుసలు లెక్కపెట్టే యూనిక్ -సీ కి. మ్యాక్ టెర్మినల్‌లో "తేజ" వేరే, "తాల" (అంటే తాలు, నాసి కాయ) వేరే వస్తున్నాయి. ఉబుంటు 22.04 సర్వర్‌లో రెండూ కలిసిపోయి "త" అని ఒక్కటే వరుస. ఎర్రర్ లేదు, ఎగ్జిట్ కోడు 0, అంటే అంతా సవ్యమే. ఆల్పైన్ (చిన్న సైజు లినక్స్) కంటెయినర్‌లోనైతే బ్యాష్ షెల్లే లేదని స్క్రిప్టు మొదట్లోనే ఆగిపోతోంది. ఆఫీసులో ఒక వర్గం పోసిక్స్‌లో తిరగరాయమంటోంది, ఇంకో వర్గం అన్నిట్లో గ్నూ వేసేయమంటోంది. ఏది చెయ్యమంటారు?

పటమట_పైపు (విజయవాడ):
గ్నూ వేసేయండి, గొడవ వదిలిపోతుంది. మ్యాక్‌లో హోమ్‌బ్రూతో (సాఫ్ట్‌వేర్ దించి పెట్టే టూలు) కోర్‌యుటిల్స్, గ్నూ-సెడ్, గ్రెప్, గాక్, ఫైండ్‌యుటిల్స్ అయిదూ పెట్టాలి. కోర్‌యుటిల్స్ ఒక్కటీ వేసి ఊరుకుంటారు చాలామంది, అందులో సెడ్, గ్రెప్, ఫైండ్ ఉండవు. పేర్ల ముందు "జీ" తగిలి జీసెడ్, జీడేట్ అని వస్తాయి. మామూలు పేర్లతోనే పిలవాలంటే ఒక్కోదానికీ ఉన్న గ్నూబిన్ ఫోల్డర్‌ని పాత్‌లో (కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా) ముందుకి తేవాలి. బ్యాష్ కూడా కొత్తది వేసుకోండి. మ్యాక్‌తో వచ్చేది ఇప్పటికీ 3.2, అందులో అసోసియేటివ్ అర్రేలు (పేరు చెప్తే విలువ ఇచ్చే పట్టీలు) లేవు, అవి 4.0 లో వచ్చాయి. ఆల్పైన్‌లో ఏపీకేతో బ్యాష్, పైన చెప్పిన అయిదూ వేస్తే చాలు. పది నిమిషాల పని.

బ్రాడీపేట_4/7 (గుంటూరు):
పటమట గారూ, మందు బాగానే ఉంది గానీ జబ్బు అదే మందు వల్ల వచ్చింది. తేజని, తాలుని కలిపింది గ్నూ కట్టే.

యూటీఎఫ్-8 లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు కోడ్‌పాయింటు (అక్షరమో, గుణింతపు గుర్తో) ఒక్కోటీ 3 బైట్లు. తేజ అంటే త, ఏత్వం, జ: మొత్తం 9 బైట్లు. తాలు అంటే త, దీర్ఘం, ల, కొమ్ము: 12 బైట్లు. ఉబుంటు 22.04 లో ఉన్న కోర్‌యుటిల్స్ 8.32, 24.04 లో ఉన్న 9.4, రెండిట్లోనూ కట్ -సీ అంటే -బీ తో సమానం, అక్షరాలు కాదు బైట్లు కొలుస్తుంది. 1 నుంచి 3 బైట్లంటే సరిగ్గా "త" ఒక్కటే. 1-4 అని అడిగి ఉంటే సగం తెగిన అక్షరంతో ప్రశ్నార్థకపు గుర్తేదో కనపడి అప్పుడే పట్టుబడేది. 3 చక్కగా సరిపోవడంతో చడీ చప్పుడూ లేకుండా పోయింది. ఇదే 8.32 ని మ్యాక్‌లోనూ పెడితే అక్కడా కలిసిపోతాయి. మూడు మెషీన్లూ ఒకే తప్పు చెబుతాయి, మనం "మ్యాచ్ అయ్యింది" అనుకుంటాం.

పైగా "గ్నూ కట్" అన్నా ఒకటి కాదు. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వాళ్ళు బహుబైట్ల ప్యాచ్ వేసి ఇస్తారు, అక్కడ అదే కమాండు అక్షరాలు కొలుస్తుంది.

ఇక పోసిక్స్ వర్గానికీ ఒక మాట. ప్రమాణంలో -సీ అంటే అక్షరాలనే ఉంది. యార్డు గారు రాసింది పోసిక్స్‌కి ఒప్పే పైపే. రాసినవాళ్ళు నియమం పాటించినా టూలు పాటించలేదు. కట్ బదులు ఆక్‌లో సబ్‌స్టర్ (పదంలో ముక్క తీసే ఫంక్షను) వాడదామన్నా అంతే, ఆక్‌లోనూ రకాలున్నాయి. గాక్ అయితే అక్షరాలు, ఉబుంటు మామూలుగా ఇచ్చే మాక్ (ఎమ్‌ఏడబ్ల్యూకే, యాపిల్ మ్యాక్ కాదు) అయితే బైట్లు.

దారి: అక్షరాలు కొయ్యడమే మానేయండి. రెండో గడి మొత్తం తీసుకోండి. కామా ఒక బైటు, యూటీఎఫ్-8 లో తెలుగు అక్షరం మధ్యలోకి అది రాదు, కాబట్టి -ఎఫ్ ఎక్కడైనా భద్రమే. తర్వాత సార్ట్‌కి, యూనిక్‌కి రెండిటికీ ముందు ఎల్‌సీ_ఆల్=సీ పెట్టండి, అప్పుడు మెషీన్ లొకేల్ (భాషా అమరిక) ఏదైనా బైట్ల లెక్కనే పోలుస్తాయి. పొట్టి కోడు కావాల్సిందే అంటే రకం-కోడు పట్టీ ఒక ఫైలుగా పెట్టుకుని జాయిన్‌తో కలపండి. ఆ పట్టీని కూడా అదే లొకేల్‌లో సార్ట్ చెయ్యాలి, లేకపోతే కొన్ని వరుసలు జారిపోతాయి.

బెంజి_సర్కిల్:
తాలుకి తేజ సరసన కుర్చీ వేసిన సాఫ్ట్‌వేర్ ఇదే అయ్యుంటుంది.

పటమట_పైపు:
కట్ విషయం ఒప్పుకుంటున్నా. అయినా రోజువారీ పనికి పోసిక్స్ అంటే చేతులు కట్టేసుకోవడమే అంటాను. ఉదాహరణకి పోసిక్స్‌లో సెడ్‌కి (పాఠం మార్చే కమాండు) -ఐ (ఆ ఫైలులోనే మార్చెయ్యమనే ఆప్షను) లేనే లేదు. మ్యాక్ సెడ్‌కి -ఐ తర్వాత బ్యాకప్ తోక పేరు తప్పనిసరి. లినక్స్ అలవాటులో రాస్తే మీ "ఎస్" (ఇది తీసి అది పెట్టమనే) కమాండునే తోక అనుకుని, ఫైలు పేరుని కమాండుగా చదివి ఇన్‌వాలిడ్ కమాండ్ కోడ్ అంటుంది. -ఐ పక్కన -ఈ పెట్టి గండం గడిచిందనుకుంటారు కొందరు. ఫోల్డర్‌లో చూస్తే పేరు చివర "-ఈ" తగిలిన ఫైలు ఒకటి పడి ఉంటుంది. -ఐ కి అతికించి .బ్యాక్ అని రాస్తే రెండు చోట్లా నడుస్తుంది, తర్వాత ఆ బ్యాక్ ఫైలు తీసేయొచ్చు. కానీ అది పోసిక్స్ కాదు కదా మరి? మీరు చెప్పే శుద్ధ పద్ధతిలో టెంప్ ఫైలుకి రాసి ఎంవీ చేస్తే, టెంప్ ఫైలు చేసే ఎమ్‌కెటెంప్ ఇచ్చిన 600 (యజమాని ఒక్కరికే) పర్మిషనే మిగిలి వెబ్ సర్వర్ ఆ ఫైలు చదవలేక కూర్చుంటుంది.

బ్రాడీపేట_4/7:
ఎంవీ ఎందుకు, క్యాట్‌తో టెంప్‌లోంచి పాత ఫైలులోకే పొయ్యండి. పర్మిషన్లు, సిమ్‌లింకు అన్నీ అలాగే ఉంటాయి. -ఐ.బ్యాక్ నాకు అభ్యంతరం కాదు. నేను అడిగేది ప్రమాణపత్రం కాదు, మూడు చోట్లా ఒకే జవాబు.

అలా చూస్తే మీ గ్నూబిన్ క్రాన్‌లో (పెట్టిన వేళకి స్క్రిప్టు తనంతట నడిపే ఏర్పాటు) నిలవదు. క్రాన్ పాత్‌లో ఉండేవి /యూఎస్‌ఆర్/బిన్, /బిన్ మాత్రమే. టెర్మినల్‌లో గ్నూ సెడ్‌తో నడిచిన స్క్రిప్టు రాత్రి మ్యాక్ సెడ్ చేతిలో పడుతుంది. భాష చెప్పే లాంగ్ వేరియబుల్ కూడా అక్కడ ఉండదు. అంటే టెర్మినల్‌లో అక్షరాలు కొలిచిన మ్యాక్ కట్, క్రాన్‌లో బైట్లు కొలుస్తుంది. స్క్రిప్టు పైనే పాత్, ఎల్‌సీ_ఆల్ రెండూ రాసుకోవాలి.

ఎక్స్‌ఆర్గ్స్ (వచ్చిన పేర్లని ఇంకో కమాండుకి అందించేది) ఇంకా ప్రమాదం. కొత్త సీఎస్‌వీ ఏదో పట్టుకోవడానికి ఫైండ్‌ని ఎక్స్‌ఆర్గ్స్ ఎల్‌ఎస్ -టీ కి, దాన్ని హెడ్ -ఎన్ 1 కి పంపుతుంటారు. యార్డుకి సెలవున్న రోజు ఫైండ్ ఏమీ ఇవ్వదు. మ్యాక్ ఎక్స్‌ఆర్గ్స్ ఊరుకుంటుంది. గ్నూది ఖాళీ ఇన్‌పుట్‌కి కూడా కమాండుని ఒకసారి నడుపుతుంది. అప్పుడు ఎల్‌ఎస్ మనం ఉన్న ఫోల్డర్‌నే చూపిస్తుంది, హెడ్ అందులో కొత్తదాన్ని, బహుశా మీ లాగ్ ఫైలునే, సీఎస్‌వీ అని చేతికిస్తుంది. -ఆర్ పెడితే గ్నూది ఆగుతుంది, పాత మ్యాక్‌లకి -ఆర్ తెలీదు. ఫైండ్ -ఎగ్జెక్ రాసి చివర ప్లస్ గుర్తు పెడితే అసలు ఎక్స్‌ఆర్గ్సే అక్కర్లేదు, ఏమీ దొరక్కపోతే నడవదు, అన్నిచోట్లా ఉంటుంది.

"ఉబుంటు అంటే గ్నూ" అన్న లెక్క కూడా మారింది. 25.10 నుంచి రస్ట్ భాషలో రాసిన కోర్‌యుటిల్స్ వస్తున్నాయి. మొదట్లో అందులో డేట్ -ఆర్ ఫైలు మార్చిన సమయం బదులు ఇప్పటి సమయం చెప్పేది, దాంతో ఆటోమేటిక్ అప్‌డేట్ల తనిఖీ ఆగిపోయింది. అక్కడా ఎర్రర్ రాలేదు.

బెంజి_సర్కిల్:
పైప్‌ఫెయిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పైపులో మధ్యది చచ్చినా చివరిది బాగుంటే 0 వస్తుంది, అందుకని అందరూ అది పెడతారు. ఉబుంటు 22.04 లో ఎస్‌హెచ్ అంటే డ్యాష్ షెల్, అది ఇల్లీగల్ ఆప్షన్ అని తిప్పికొడుతుంది. పోసిక్స్‌లోకి పైప్‌ఫెయిల్ వచ్చిందే 2024 లో. పెట్టాక హెడ్ వాడితే ఇంకో తంటా. హెడ్ ముందే లేచిపోతే, పై కమాండు ఇంకా రాస్తూ ఉంటే సిగ్‌పైప్‌తో (పైపు అవతల ఎవరూ లేరనే సిగ్నలు, నంబరు 13) పోతుంది, 128 + 13 = 141 చూసి స్క్రిప్టు ఫెయిలైందంటారు.

యార్డు_లెక్కలు:
గడి మొత్తం తీసుకుని ఎల్‌సీ_ఆల్=సీ పెట్టా. తేజ, తాలు మూడు చోట్లా విడిపోయాయి. కానీ ఆర్మూర్ రెండుసార్లు వస్తోంది, ఒకటి 41, ఇంకోటి 6. చూడ్డానికి రెండూ ఒకటే.

బ్రాడీపేట_4/7:
ఆ 6 లో ఒక వరుసని ఓడీ -సీ కి (బైట్లని విడివిడిగా చూపించే కమాండు) పంపండి. చివర 342 200 214 కనపడితే అది జీరో విడ్త్ నాన్ జాయినర్, కంటికి కనపడని గుర్తు. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు దాన్ని తగిలిస్తాయి. టీఆర్ -డీ తో మాత్రం తియ్యకండి. గ్నూ టీఆర్ ఆ మూడు బైట్లనీ విడివిడిగా ఎక్కడున్నా చెరిపేస్తుంది. గుడి దీర్ఘం చివరి బైటు 200, ఔత్వం చివరి బైటు 214, అవీ ఊడిపోతాయి. ప్రింట్‌ఎఫ్‌తో ఆ మూడు ఆక్టల్ విలువల్నీ ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, ఎల్‌సీ_ఆల్=సీ సెడ్‌లో డబుల్ కోట్ల మధ్య ఆ వేరియబుల్ పెట్టి ఖాళీతో మార్చండి. చివర "జీ" (వరుసలో ఉన్నవన్నీ మార్చమని) మరవద్దు. \ఎక్స్ తో హెక్స్ రాసే పద్ధతి గ్నూ సెడ్‌ది, దాన్ని నమ్ముకోవద్దు.

యార్డు_లెక్కలు:
342 200 214 ఉంది. తీసేశాక ఆర్మూర్ 47. కానీ మ్యాక్ ఫలితాన్నీ సర్వర్ ఫలితాన్నీ డిఫ్ చేస్తే ప్రతి వరుసా తేడా అంటోంది, అంకెలన్నీ ఒకటే.

పటమట_పైపు:
యూనిక్ -సీ ముందు పెట్టే ఖాళీలు. గ్నూది అంకెని 7 గళ్ళ వెడల్పుకి, మ్యాక్‌ది 4 కి జరుపుతుంది. చివర సెడ్‌తో వరుస మొదట్లో ఉన్న ఖాళీలు కొట్టేయండి. ఏ సెడ్ అయినా పర్లేదు, బ్రాడీపేట వారికి కోపం రాదు.

యార్డు_లెక్కలు:
డిఫ్ ఖాళీ.